చోటు చూసి నాటకం కట్టండి



ఈరోజు నాటకం గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా, ఊళ్ళో నాటకం వెయ్యాలని ఉబలాటపడే కుర్రవాళ్ళతో, ఆడపిల్లలతో మాట్లాడాలని వచ్చాను. గాండ్లపెంటలో ఉన్నా, కదిరిలో ఉన్నా, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు ఉన్నా, ఇలాంటి పిల్లలు తరచుగా అనే మాట ఒకటుంది. "మాకు వెయ్యాలనే ఉంది సార్, కానీ స్టేజీ లేదు." హాలు లేదు. తెరలు లేవు. లైట్లు లేవు. అద్దె కట్టడానికి డబ్బు లేదు. అక్కడితో ఆ ఉత్సాహం ఆగిపోతుంది.

అలా ఆగిపోవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. చెప్పదలచుకున్నది ఒక్కటే. చోటు చూసి నాటకం కట్టండి. నాటకం తయారుచేసుకొని, దానికి చోటు కోసం తిరగకండి. ముందు చోటును ఎంచుకోండి. ఆ చోట ఏ నాటకం పండుతుందో తర్వాత ఆలోచించండి.

రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. మన వైపు ఎర్రనేలలో చెనక్కాయ వేస్తారు. నల్లరేగడి ఉన్న చోట పప్పుశనగ వేస్తారు. విత్తనాల మూట నెత్తిన పెట్టుకొని నేల కోసం ఊరూరా తిరిగే రైతు ఎక్కడా ఉండడు. ఉన్న నేలను చూస్తాడు. ఆ నేలకు ఏది తగునో అదే వేస్తాడు. నాటకం వేసేవాళ్ళు కూడా అలాగే మొదలుపెట్టాలి.

ఇప్పుడు దేశదేశాల్లో యువ నాటక బృందాలు ఈ పద్ధతిలో పనిచేస్తున్నాయి. మూతపడ్డ మిల్లులో ఆడుతున్నారు. పాత ఇళ్ళలో ఆడుతున్నారు. గిడ్డంగుల్లో, తోటల్లో ఆడుతున్నారు. ఇదేదో పైనుంచి దిగిన కొత్త కళ అనుకొని బెదరకండి. మన చుట్టుపక్కల ఊళ్ళు దీన్ని ఎప్పటినుంచో చేస్తున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మన పక్కనే కడప జిల్లా. అక్కడ చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. 1885లో ఆ ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళి వేడుకలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబంవాళ్ళు బొమ్మల్ని పక్కన పెట్టారు. తామే వేషాలు కట్టి "కీచకవధ" నాటకం ఆడారు. వాళ్ళకు నాటకశాల లేదు. పెళ్ళి కోసం ఊరంతా ఒకచోట చేరింది. ఆ చేరిన చోటే వాళ్ళకు రంగస్థలమైంది. వనారస గోవిందరావు గారి పేరుతో ముడిపడిన సురభి నాటక సమాజం పుట్టింది అక్కడే. ఆ ఊరి పేరే ఆ సమాజానికి పేరైంది. తర్వాత సురభివాళ్ళు పెద్ద పెద్ద తెరలు, మాయలు, మంత్రాలు, గాలిలో ఎగిరే దృశ్యాలు అన్నీ సమకూర్చుకున్నారు. మొదలు మాత్రం ఒక పెళ్ళి వేడుక.

ఇంకా దగ్గరకు వద్దాం. ధర్మవరం పక్కన నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట ఆడాలంటే చోటులో ఏం చూసుకోవాలి? మొదట చీకటి కావాలి. తెల్లటి గుడ్డ వెనక దీపం పెడితే, తోలుమీది రంగులు ఆ గుడ్డమీద వెలగాలి. ముందువైపు వెలుతురుంటే బొమ్మ కనబడదు. రెండోది, గాలి తక్కువుండాలి. గాలి కొడితే తెర ఊగుతుంది, బొమ్మ చెదురుతుంది. అంటే చీకటి, గాలి, జనం కూర్చునే నేల, ఈ మూడూ చూసుకున్నాకే తెర కడతారు. చోటు చూసి ఆట కట్టడమంటే ఇదే.

ఇప్పుడు చిత్తూరు వైపు వెళ్దాం. అక్కడ భారతం తిరునాళ్ళు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చాలా చోట్ల పద్దెనిమిది రోజులు సాగుతుంది. అందులో మూడు ఘట్టాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది బకాసురవధ. భీముడు బండెడు అన్నంతో రాక్షసుడి దగ్గరకు పోవాలి. కాబట్టి వేషధారి నిజంగానే బండెక్కుతాడు. బండి వీధుల్లో తిరుగుతుంది. ఊరి వీధులే కథలో ఏకచక్రపురం వీధులవుతాయి.

రెండోది అర్జున తపస్సు. అర్జునుడు శివుణ్ణి మెప్పించాలి. దానికి ఎత్తు కావాలి. ఊరి బయట ఎత్తైన మాను నాటుతారు. దాన్ని తపసు మాను అంటారు. వేషధారి పద్యాలు పాడుతూ దానిపైకి ఎక్కుతాడు. కింద వేలమంది తలెత్తి చూస్తుంటారు. బిడ్డలు కావాలని మొక్కుకున్న స్త్రీలు ఆ మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. అక్కడ చూసేవాళ్ళు కూడా కథలో భాగమే.

మూడోది దుర్యోధనవధ. దానికి విశాలమైన మైదానం కావాలి. నేలమీద మట్టితో దుర్యోధనుడి పెద్ద బొమ్మ చేస్తారు. పడుకున్న మనిషి ఆకారం. భీముడి వేషం, దుర్యోధనుడి వేషం ఆ బొమ్మ చుట్టూ, బొమ్మమీద కూడా తిరుగుతూ యుద్ధం చేస్తాయి.

ఆలోచించండి. బకాసురుడికి వీధి. అర్జునుడికి ఎత్తు. దుర్యోధనుడికి మైదానం. ఒక్కో ఘట్టానికి ఒక్కో చోటు. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు ఏ నాటక కళాశాలలోనూ చదవలేదు. తమ ఊరు తమకు బాగా తెలుసు. అంతే.

మనకు కర్ణాటక ఎంతో దూరం కాదు. హిందూపురం దాటితే అదే. మైసూరులో రంగాయణ అనే నాటకసంస్థ ఉంది. 2010లో వాళ్ళు కువెంపు నవల "మలెగళల్లి మదుమగళు"ను నాటకంగా వేశారు. సి. బసవలింగయ్య దర్శకుడు. రాత్రి మొదలైతే తెల్లవారేదాకా, సుమారు తొమ్మిది గంటల నాటకం. ఒకే స్టేజీమీద కాదు. రంగాయణ ఆవరణలో ఆరుబయట వేర్వేరు చోట్ల రంగస్థలాలు ఏర్పాటు చేశారు. ఒకచోట కొన్ని దృశ్యాలు అయ్యాక జనం లేచి ఇంకోచోటికి నడిచారు. అది అడవుల కథ, కొండల కథ. చెట్ల మధ్య, రాత్రి చలిలో కూర్చొని చూస్తే ఆ కథ ఒంటికి పడుతుంది.

హైదరాబాదులో ఖాదర్ అలీ బేగ్ థియేటర్ ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది. మొహమ్మద్ అలీ బేగ్ గారు నడుపుతున్నారు. వాళ్ళు తారామతి కథను తారామతి బారాదరిలోనే ఆడారు. కుతుబ్‌షాహీల కాలపు కట్టడం అది. తారామతి అక్కడ పాడితే గోల్కొండ కోటలో రాజుకు వినబడేదని జనం చెప్పుకునే కథ. ఆ కథను ఆ మెట్లమీద చూడడం వేరు, ఏసీ హాలులో చూడడం వేరు.

ఇక కాశీకి అవతలి ఒడ్డున రామనగర్. అక్కడ ఏటా దాదాపు నెల రోజులు రామలీల జరుగుతుంది. ఊళ్ళో ఒక చోటు అయోధ్య. ఇంకో చోటు జనకపురి. దూరంగా ఒక మైదానం లంక. రాముడు నడిచి వెళ్తే జనమూ వెంట నడుస్తారు. మైకు లేదు. పాతకాలపు దీపాల వెలుతురులోనే ఆడతారు. వేలమంది నిశ్శబ్దంగా వింటారు.

ఇన్ని ఉదాహరణలు ఎందుకు చెప్పానంటే, వీటన్నిటిలోనూ ఉన్నది ఒకటే సూత్రం. చోటు చూసి నాటకం కట్టారు.

మరి చోటును ఎలా చూడాలి? ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. మూడు పరీక్షలు చెప్తాను. సులభంగా గుర్తుండాలని మూడు మాటల్లో చెప్తాను. చెవి, కన్ను, కాలు. ఇంకోసారి. చెవి, కన్ను, కాలు.

మొదట చెవి. మీరు నాటకం వెయ్యాలనుకున్న చోటికి వెళ్ళండి. నాటకం ఏ వేళకు వెయ్యాలనుకుంటున్నారో ఆ వేళకే వెళ్ళండి. సాయంత్రం నాటకానికి పొద్దున వెళ్ళి చూస్తే లాభం లేదు. ఒక గంటసేపు మాట్లాడకుండా కూర్చొని వినండి. బస్సు ఎప్పుడు వస్తుంది? పిండిమర ఎప్పుడు ఆడుతుంది? గుడి మైకు ఎప్పుడు మొదలవుతుంది? పెద్ద చెట్టు కింద అయితే, పొద్దుగూకే వేళకు పక్షులన్నీ గూటికి చేరి గోలచేస్తాయి. ఆ అరగంటలో మీ సంభాషణ ఎవరికీ వినబడదు. ఆ సంగతి ముందే తెలిస్తే, ఆ అరగంటకు మాటలు లేని దృశ్యం పెట్టుకోవచ్చు.

తర్వాత చప్పట్లు కొట్టి చూడండి. గోడ పదిహేడు మీటర్లకు మించి దూరంలో ఉంటే చప్పుడు మళ్ళీ వెనక్కి వచ్చి విడిగా వినబడుతుంది. అలాంటి చోట గబగబా మాట్లాడితే మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. నెమ్మదిగా, విరుపుతో చెప్పాలి. అదే ఆరుబయటైతే మాట చెదిరిపోతుంది. దూరం రెట్టింపైతే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మైకు లేకుండా ఆడేటప్పుడు జనాన్ని దగ్గరగా, అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. నటుల వెనక గోడగానీ, గట్టుగానీ ఉంటే మాట ముందుకు వస్తుంది. గాలి నటుల వైపునుంచి జనం వైపుకు వీచేలా చూసుకోండి. ఎదురుగాలిలో ఎంత అరిచినా గొంతు పోవడమే మిగులుతుంది.

రెండోది కన్ను. పొద్దు ఎటుందో చూడండి. సాయంత్రం జనాన్ని పడమరకు ముఖం పెట్టి కూర్చోబెడితే ఎండ కళ్ళలో కొడుతుంది. నటులు నల్లగా నీడల్లా కనబడతారు. జనం వీపు పడమరకు ఉంటే, ఆ సాయంత్రపు ఎండే నటుల ముఖాలమీద పడుతుంది. పైసా ఖర్చు లేని దీపం అది. మన వైపు జనవరిలో దాదాపు ఆరు గంటలకు పొద్దు మునుగుతుంది. నాలుగున్నరకు మొదలుపెట్టి అయిదున్నరకు ముగించే నాటకానికి ఒక్క బల్బు కూడా అక్కర్లేదు.

అలాగే వెనుక కూర్చున్నవాళ్ళకు ఏం కనబడుతుందో చూడండి. చెరువు కట్ట వాలు ఉందనుకోండి. జనం ఆ వాలుమీద కూర్చుంటే, అందరికీ కిందనున్న నటులు కనబడతారు. హాలులో మెట్లు మెట్లుగా కుర్చీలు వేసేది ఇందుకే కదా. చెరువు కట్టమీద అది సిద్ధంగా ఉంది.

మూడోది కాలు. జనం ఎటునుంచి వస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎటు నడుస్తారు, ఎటు వెళ్ళిపోతారు? నటులు ఎక్కడినుంచి ప్రవేశిస్తారు, ఎక్కడ దాక్కుంటారు? నాటకంలో జనాన్ని నడిపించదలచుకుంటే, ముసలివాళ్ళ నడకకు సరిపోయేంతే నడిపించండి. మన జనానికి నడుస్తూ చూడడం అలవాటే. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి తేరు కదిలితే ఎంతమంది వెంట నడుస్తారో మీకు తెలుసు. ఆ అలవాటును నాటకానికి వాడుకోవచ్చు.

చెవి, కన్ను, కాలు. ఈ మూడు పరీక్షలూ అయ్యాక నాటకం రాయడం మొదలుపెట్టండి.

ఇప్పుడు ఒక చోటును తీసుకొని, ఇదంతా ఎలా పనిచేస్తుందో ఊహించి చూద్దాం. గాండ్లపెంట మండలంలోనే కటారుపల్లి ఉంది. వేమన సమాధి ఉన్న ఊరు. తెలుగు నేర్చుకున్న ప్రతి బిడ్డకూ మొదట పరిచయమయ్యే కవుల్లో ఆయనొకరు. సి.పి. బ్రౌన్ ఆయన పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించారు. 1947లో తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి గారు "యోగి వేమన" సినిమా తీశారు. చిత్తూరు నాగయ్య గారు వేమనగా నటించారు. ఇప్పుడు జనవరి 19న వేమన జయంతి జరుపుతున్నారు.

ఈ కటారుపల్లిలో ఆరేడుగురు కుర్రవాళ్ళు, అమ్మాయిలు వేమన నాటకం వెయ్యాలనుకున్నారనుకోండి. స్టేజీమీద వేమనకు గడ్డం పెట్టి నిలబెట్టడం అందరూ చేసేదే. చోటు చూసి కట్టే నాటకం వేరుగా ఉంటుంది. వేమన ఒకచోట కూర్చున్న మనిషి కాదు. మనుషుల మధ్య తిరుగుతూ, చూసింది చూసినట్టు చెప్పిన మనిషి. కాబట్టి నాటకం కూడా నడవాలి. ఊరి మొదట్లో మొదలుపెట్టండి. ఒక ఇంటి అరుగుమీద ఒక దృశ్యం. అక్కడ కులం గురించి పంచాయితీ. ఇంకో వీధి మలుపులో ఇంకో దృశ్యం. అక్కడ మనసు శుద్ధి లేని పూజ గురించి వాదన. ఒక చెట్టు కింద మూడో దృశ్యం. అక్కడ దాచిపెట్టిన డబ్బు గురించి ఇద్దరు అన్నదమ్ముల గొడవ. అన్నీ ఈనాటి మాటల్లో, ఈ ఊరి యాసలో. ప్రతి దృశ్యం చివర ఒక నటుడు వేమన పద్యం ఎత్తుకుంటాడు. మూడు పాదాలు చెప్పి ఆగుతాడు.

నాలుగో పాదం ఎవరు చెప్పాలి? జనం చెప్పాలి. ఆ మకుటం తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు? హాలులో టికెట్టు కొని కూర్చున్నవాళ్ళు నోరు విప్పడానికి మొహమాటపడతారు. తమ వీధిలో, తమ అరుగు ముందర నిలబడినవాళ్ళు గొంతు కలుపుతారు. అవ్వలు కలుపుతారు, బడిపిల్లలు కలుపుతారు. అప్పుడు నాటకం ఊరిదవుతుంది. సమాధి దగ్గర మాత్రం వేషాలు వద్దు, అరుపులు వద్దు. అక్కడికి భక్తితో వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ మనసు నొప్పించకుండా, అక్కడికి కొంచెం ముందే నాటకం ముగించండి.

ఇదే బృందం రేపు బస్టాండులో ఆడాలనుకుందనుకోండి. అక్కడ ఈ నాటకం పనికిరాదు. నేల మారింది. విత్తనం మారాలి. బస్టాండులో హారన్లు మోగుతుంటాయి. జనం నిలకడగా ఉండరు. చేతిలో సంచి, కన్ను బస్సుమీద. అక్కడ పదిహేను నిమిషాలకు మించకూడదు. డప్పుతో మొదలుపెట్టాలి. మాట తక్కువ, అభినయం ఎక్కువ ఉండాలి. కథ కూడా ఆ చోటిదే కావాలి. పని కోసం బెంగళూరు బస్సెక్కే కుటుంబం కథ చెప్పండి. అమ్మానాన్నలు వలసపోతుంటే అవ్వ దగ్గర మిగిలిపోయే పిల్ల కథ చెప్పండి. చూస్తున్నవాళ్ళలో చాలామంది ఆ బస్సే ఎక్కబోతుంటారు. వాళ్ళకు ఆ కథను ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంకా వేరే చోటు. బడిలో ఒక తరగతి గది. ముప్పైమంది మాత్రమే పడతారు. అక్కడ అరవకూడదు. గుసగుస కూడా చివరి బెంచీకి వినబడుతుంది. కనురెప్ప కదిలినా తెలుస్తుంది. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ గారు పెద్ద పెద్ద పద్యాల రాగాలకంటే సహజమైన నటన గొప్పదని నమ్మి, అలాగే నటించి చూపించారు. అలాంటి నటన నేర్చుకోవాలంటే చిన్న గదిని మించిన గురువు లేదు.

వీధి నడిచే నాటకం ఇచ్చింది. బస్టాండు పొట్టి నాటకం ఇచ్చింది. తరగతి గది మెత్తని నటన ఇచ్చింది. బృందం ఒకటే. చోటు మారితే నాటకం మారింది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి నాటకమంత ముఖ్యం.

మొదటిది అనుమతి. ఊళ్ళో అయితే పెద్దలకు, పంచాయతీకి ముందే చెప్పండి. బస్టాండు అయితే డిపో అధికారులను, పోలీసులను అడగండి. లేపాక్షి ఆలయంలాంటి చోట్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ ఆ శాఖ అనుమతి లేకుండా ఏమీ చెయ్యకూడదు. అనుమతి అడగడానికి వెళ్ళినప్పుడు నాటకం కథ చెప్పండి. కథ నచ్చితే అడ్డుచెప్పాల్సినవాళ్ళే సాయానికి వస్తారు.

రెండోది, చోటుకు హాని చెయ్యకండి. గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. అయిదెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అలాంటి చెట్టు కింద నాటకం ఊహిస్తేనే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ ఊడలకు మేకులు కొట్టకూడదు. లైట్ల తీగలు బిగించి కట్టకూడదు. పాతకాలపు రాతి స్తంభాలమీద రంగు పడకూడదు. చోటును ఎలా చూశామో అలాగే వదిలి రావాలి. వీలైతే ఇంకొంచెం శుభ్రం చేసి రావాలి.

మూడోది, మనుషుల భద్రత. ఆడే చోట బావి ఉందా? కరెంటు తీగలు కిందికి ఉన్నాయా? పొదల్లో పాములుంటాయా? చీకటి పడితే జనం ఎటు వెళ్తారు? వంద అడుగుల దూరంలో తాగడానికి నీళ్ళున్నాయా? అమ్మాయిలు వేషం మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా? ఈ చివరి ప్రశ్న చాలా బృందాలు మరచిపోతాయి. సురభివాళ్ళ నాటకాల్లో స్త్రీ వేషాలు మొదటినుంచీ స్త్రీలే వేశారు. కుటుంబమంతా కలిసి తిరిగే సమాజం కాబట్టి అది సాధ్యమైంది. మీ బృందంలో కూడా అమ్మాయిలు నిర్భయంగా పనిచేసే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే ఆ చోటు ఎంత అందంగా ఉన్నా మీకు పనికిరాదు.

కొందరు అడగొచ్చు. "ఇలా ఎక్కడబడితే అక్కడ ఆడితే నాటకం విలువ తగ్గదా?" తగ్గదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టి తెరల నాటకానికి గౌరవం తెచ్చారు. ఆ సంప్రదాయం గొప్పది. అది అలాగే సాగాలి. కానీ 1947లో ప్రజానాట్యమండలి దళాలు "మా భూమి" నాటకాన్ని పల్లెల్లోకి తీసుకువెళ్ళినప్పుడు, ఏ హాలూ చూడని రైతులు దాన్ని తమ కథగా చూశారు. రెండూ మన నాటకమే. హాలుకు వచ్చేవాళ్ళకోసం హాలులో ఆడుదాం. హాలుకు రాలేనివాళ్ళ దగ్గరకు మనమే వెళ్దాం.

నాటకం ఊళ్ళో బతికుంటే ఊరు తన గురించి తాను మాట్లాడుకుంటుంది. వలస గురించి, వానల గురించి, ఆడపిల్ల చదువు గురించి, అప్పుల గురించి ముఖాముఖి మాట్లాడుకుంటుంది. సెల్‌ఫోనులో ఎవరికి వారు చూసుకునే బొమ్మ ఆ పని చెయ్యలేదు. పక్కింటివాళ్ళ పక్కన నిలబడి, పక్కింటివాళ్ళ కథ చూడాలి. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల.

చివరగా, యువతీ యువకులకు ఒక పని అప్పజెప్తాను. ఈ వారంలోనే చెయ్యండి. మీ ఊళ్ళో మూడు చోట్లు ఎంచుకోండి. ఒకటి రచ్చకట్ట కావచ్చు, ఒకటి చెరువు కట్ట, ఒకటి బడి వరండా. ఒక్కోచోట ఒక్కో సాయంత్రం గంటసేపు కూర్చోండి. చెవితో వినండి. కన్నుతో చూడండి. కాలితో నడిచి చూడండి. ఆ చోట నిజంగా ఏం జరిగిందో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. తర్వాత ఒక్క చోటు ఎంచుకొని, పది నిమిషాల దృశ్యం ఒక్కటి కట్టండి. నలభైమంది చూస్తే చాలు. వాళ్ళు ఏమన్నారో విని, రెండోసారి ఆడండి. పెద్ద నాటకం ఆ తర్వాత దానంతటదే పెరుగుతుంది. స్టేజీ కట్టించేదాకా ఎదురుచూడకండి. చోటు చూసి నాటకం కట్టండి. మొదలుపెట్టండి.